వేయకముందే జరిపిన కాయ

చింతపిక్కను బండ మీద అరగదీస్తే కాస్త మాడినట్టు ఒక వాసన వస్తుంది. ఈ ఉదయం కదిరి దగ్గర మా ఊళ్ళో, వదిన మనవరాలు గడప ముందు కూర్చుని ఆటకోసం పిక్కలను ఒకవైపు తెల్లబడేదాకా రుద్దుతుంటే, ఆ వాసనకు నాకు వసుంధర మేడం గుర్తొచ్చారు. అనంతపురంలో డిగ్రీ చదివేటప్పుడు మాకు స్టాటిస్టిక్స్ చెప్పింది ఆమే.

సంభావ్యత పాఠానికి అందరూ నాణెం తెస్తారు. ఆమె ఇలాంటి పిక్కలు తెచ్చారు. తెలుపు పడే అవకాశం ఎంత అంటే మేమంతా సగం అన్నాం. “రెండు పక్కలున్నంత మాత్రాన సగమేనా? వేసి చూసి చెప్పండి” అన్నారు. పీరియడంతా వేశాం, లెక్క సగానికి రాలేదు. మధ్యలో వరసగా నలుపే పడుతుంటే ఒక అబ్బాయి, “ఈతూరి తెలుపే మేడం, గ్యారంటీ” అన్నాడు. “ఎందుకప్పా, పిక్కకు గుర్తుంటుందా?” అని నవ్వారామె. ఏ పందెం దానికదే, వెనకటిది ముందరిదాన్ని ముట్టుకోదు అని బోర్డు మీద రాశారు. నేను బుద్ధిగా నోట్సులో ఎక్కించుకున్నాను, పరీక్షకు పనికొస్తుందని.

అప్పటికి వదినకు ముగ్గురు ఆడపిల్లలు. మూడో కాన్పులో చచ్చి బతికింది. ఇంకో కాన్పయితే ప్రాణానికే ముప్పని డాక్టరమ్మ చెప్పింది. మా ఇంట్లో మాత్రం నాయన తల్లి, మా అవ్వ మాటే చట్టం. “మూడుసార్లు ఆడపిల్లలే అయినారు. నాలుగోతూరి మగపిల్లోడు రాక యాడికి పోతాడు?” అనేది. అన్న నోరు మెదిపేవాడు కాదు. వదిన తల వంచుకుని చేటలో బియ్యం ఏరుకునేది. భయం పట్టలేక ఒకరోజు మేడం దగ్గర ఏడ్చేశాను. “ఆదివారం మీ ఊరికి బస్సు ఎన్నింటికి?” అని మాత్రం అడిగారు.

వచ్చి ఉపన్యాసం ఇస్తారేమోనని హడలిపోయాను. ఆమె ఉడకబెట్టిన చెనక్కాయలు తిని, అవ్వను పిక్కలాటకు పిలిచారు. ఆ ఆటలో అవ్వకు మా వీధిలో ఎదురులేదు. ఒకచోట మేడంకు కావలసిన పందెం మూడుసార్లు వేసినా పడలేదు. నాలుగోసారి పిక్కలు చేతిలోనే పెట్టుకుని, గళ్ళలో తన కాయను ముందుకు జరిపేశారు.

“ఏమమ్మా, వేయకనే జరుపుతాండావే?”

“మూడుసార్లు పడలేదు కదవ్వా. ఈసారి పడక యాడికి పోతుంది?”

“బాగుండాది నీ చదువు. పోయినసారి ఏం పడిందో పిక్కకేం తెలుసు?”

మేడం కాయను వెనక్కి పెట్టి వదిన వైపు చూశారు. “నేనూ అదే అడగాలని వచ్చినానవ్వా.”

అవ్వ పిక్కలను ఒడిలోకి తీసుకుంది. “ఆట వేరు, సంసారం వేరు” అంది.

“నిజమే, వేరే. మగపిల్లోడు రావచ్చు, రాకపోవచ్చు, నాకూ తెలీదు. కానీ ఆటలో కాయ చస్తే మళ్ళీ పెట్టుకుంటామవ్వా.”

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. అవ్వ ఆట ముగించలేదు, మేడం బస్సెక్కేటప్పుడు పలకరించనూ లేదు. అంతా చెడిందనుకున్నాను. తెల్లారి అవ్వ అన్నను పిలిచింది. “నీ పెండ్లాం ఒంట్లో నెత్తురు లేదు. నువ్వే పోయి ఆపరేషన్ చేయించుకోని రా. దున్నపోతు మాదిరి ఉండావు, నీకేమయితాది?” అన్న తలూపి చొక్కా వేసుకున్నాడు. నేనూ వదినా వంటింట్లో ఒకరినొకరు పట్టుకుని నవ్వామో ఏడ్చామో చెప్పలేను. గుండెల మీది బండ దించినట్టయింది.

ఆ తర్వాత మేడం బదిలీ మీద వెళ్ళిపోయారు. ఇప్పుడు నేనూ కాలేజీ పిల్లలకు అదే పాఠం, అవే పిక్కలతో చెబుతున్నాను. అవకాశం ఎంతో లెక్క కట్టాక, ఓడితే పోయేదేమిటో కూడా అడగమంటాను. అది పుస్తకంలో లేదు.

గడప దగ్గర ఆట మొదలైంది. మనవరాలు వేయకముందే కాయ జరపబోతే వదిన దాని చేయి పట్టుకుంది. “ముందు వెయ్యి” అంది. జుట్టంతా నెరిసిపోయింది వదినకు. ఆ నెరిసిన జుట్టును చూస్తూ అక్కడే కూర్చుండిపోయాను.