మేనత్త మాత్రలు మానేసిన ఏడాది

కిందటి వారం పలాసలో పని చూసుకుని కాశీబుగ్గ మీదుగా ఆటోలో వస్తుంటే, మా ముందు మైకు కట్టిన బండి ఒకటి నెమ్మదిగా పోతూ, ఎక్కడో జరగబోయే స్వస్థత కూటాలకు రమ్మని, వచ్చినవాళ్లకు ఇక డాక్టర్లతో పనే ఉండదని చాటుతోంది. నా పక్కన, డయాలసిస్ చేయించుకుని కవిటి తిరిగి వెళ్తున్న ఒకావిడ, పట్టీ వేసిన చేతిని ఒళ్లో పెట్టుకుని ఆ మాటలు ఎంత ఆశగా విన్నదో చూశాక, ఇల్లు చేరేదాకా నాకు మా మేనత్తే కళ్లముందు మెదిలింది.

అప్పటికి నేను చిన్నపిల్లను. మా నాన్న భావనపాడు దగ్గర ఒక మత్స్యకారుల పల్లెలో ఉపదేశి. ఆదివారం వాక్యం చెప్పడం, వారమంతా పిల్లలకు అక్షరాలు దిద్దించడం, పురుడైనా చావైనా వెళ్లి ప్రార్థన చేయడం ఆయన పని. సంఘంవాళ్లు ఇచ్చే బియ్యం, చేపలతోనే మా ఇల్లు గడిచేది. మేనత్తను ఆ పల్లెలోనే ఇచ్చారు. ఆమెకు క్షయ వచ్చి, టెక్కలి ఆసుపత్రిలో సూదులు వేయించుకుని, మాత్రలు మింగి, కొన్నాళ్లకు చెంపలకు నెత్తురు పట్టి మళ్లీ చేపల గంప ఎత్తుకుంది. దగ్గు తగ్గినా మాత్రలు ఆపవద్దని డాక్టరు గట్టిగానే చెప్పి పంపాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక బోధకుడు మా తీరానికి వచ్చాడు. తెల్లని బట్టలు, కంచుగొంతు, పాడితే ఏడవనివాళ్లు లేరు. మొదట నాన్నే అతనికి మా పాకలో చాప వేసి, ఉన్నదాంట్లో అన్నం పెట్టించాడు. నాలుగు కూటాలయ్యాక అతని మాట మారింది. ప్రభువు తనకు గ్రంథంలో లేని సంగతులు చెబుతున్నాడన్నాడు. మాత్ర మింగినవాడు దేవుణ్ణి నమ్మనివాడే అన్నాడు. అందరి ఎదుటా మేనత్త తలమీద చెయ్యిపెట్టి, నీకు రోగం లేదు పొమ్మన్నాడు. ఆమె సంతోషంతో మాత్రల పొట్లం తీసుకెళ్లి అలల్లో వదిలేసింది. దగ్గు ఎలాగూ లేదు గనుక ఆమె సాక్ష్యమే అతనికి పెద్ద బలమైపోయింది. అక్కుపల్లి నుంచి కూడా జనం నడిచి వచ్చారు.

ఆ ఆదివారం నాన్న సంఘంలో లేచి నిలబడి, మాత్ర మింగకూడదన్న ఆ మాట వాక్యంలో ఎక్కడుందో చూపమని అడిగాడు. సువార్త రాసినవాళ్లలోనే ఒకాయన వైద్యుడని, దేవుడు బాగుచేయగలడని నమ్మినవాడు దేవుడిచ్చిన ఔషధాన్ని తోసేయనక్కరలేదని చెప్పాడు. బోధకుడు చిరునవ్వు నవ్వి, నాకు ప్రభువే చెప్పాడన్నాడు. జనం నాన్నమీద లేచారు. అందరికంటే ముందు లేచినవాడు మేనత్త భర్త, మా మావయ్యే.

"నీ సెల్లి బాగుపడతంటే నీకేటి బాద బావా? ఆయన పేరు పెరిగిపోతందని ఓర్వనేకపోతన్నావు!" అన్నాడు.

ఆ తర్వాత మా ఇంటికి బియ్యం రావడం ఆగిపోయింది. అమ్మ గంజిలో ఉప్పు కలిపి మాకు పోస్తూ, కాస్త నోరు అదుపులో పెట్టుకోరాదా అని నాన్నతో అంటూ కళ్లనీళ్లు పెట్టుకుంది. నాన్న కోపపడలేదు. కాపరి అరవకపోతే మందకేం తెలుస్తుంది అని మాత్రం అని, రోజూ చెల్లెలి గుమ్మం దాకా వెళ్లి, వాళ్లు తలుపు తీయకపోతే తిరిగి వచ్చేవాడు.

వానలు పడేనాటికి దగ్గు తిరగబెట్టింది, ఈసారి నెత్తురుతో. మావయ్య బోధకుడి దగ్గరకు పరుగెత్తితే, ఆ ఇంట్లో ఏదో దాచిన పాపముంది, అది ఒప్పుకుంటే గాని స్వస్థత నిలవదన్నాడట. మావయ్య మా పాక ముందుకు వచ్చి, గుంజ పట్టుకుని నిలబడ్డాడు. నాన్న ఒక్క ఎత్తిపొడుపు మాటైనా అనలేదు. "మంచం ఎత్తు బావా, బస్సుకి ఎలిపోదాం" అన్నాడంతే. ఇద్దరూ చెరోవైపు పట్టి, ఆ ఇసుకలో ఆమెను రోడ్డు దాకా మోశారు.

కానీ ఆలస్యమైపోయింది. టెక్కలి ఆసుపత్రి మంచం పక్కన అమ్మతో పాటు నేనూ ఉన్నాను. మేనత్తకు చావంటే భయం కనిపించలేదు. ఆమెను తినేస్తున్నది వేరే.

"అన్నా, నా నమ్మకం సాల్నేదేటి? అందుకే పెబువు నన్ను ఒగ్గీసినాడేటి?" అని అడిగింది.

నాన్న ఆమె నుదురు నిమురుతూ, "నేదమ్మా. నీ నమ్మకంలో ఏ లోటూ నేదు. మాత్రలు మానీసినావు, రోగం ముదిరిపోనాది, అంతే. పెబువు నిన్ను ఒగ్గీనేదు. ఎప్పుడూ ఒగ్గడు" అన్నాడు.

ఆ మాట విన్నాక ఆమె ముఖం తేటపడటం నేను చూశాను. రెండు రోజులకే పోయింది. ఇంత వయసు వచ్చాక నాకు అనిపిస్తుంది, ఆ బోధకుడు ఆమె ఊపిరితిత్తులకు చేసిన కీడుకంటే, దేవుడు తనను విడిచిపెట్టాడని ఆమెచేత అనిపించిన కీడే పెద్దదని. నాన్న ఆమెను బతికించుకోలేకపోయినా, ఆ రెండో దాన్నుంచి మాత్రం విడిపించి పంపాడు.

మేము తిరిగి వచ్చేసరికి బోధకుడు తీరం వెంబడి ఇంకో ఊరికి వెళ్లిపోయాడు. కొన్ని ఇళ్లు అతని వెంటే పోయాయి, మళ్లీ మా సంఘంలో కలవలేదు. మావయ్య మాత్రం బతికినన్నాళ్లూ ఆదివారం ముందు వరసలో కూర్చునేవాడు. నాన్న ఎవరినీ దూషించకుండా ఒక పని మొదలుపెట్టాడు: చేపలు ఎండబెట్టే ఇసుకలో, మధ్యాహ్నాలు, ఆడవాళ్లకు అక్షరాలు నేర్పాడు. ఒకరు చెప్పింది ఒకరు నమ్మేసే అవసరం ఉండకూడదని ఆయన పట్టుదల. పొలుసులంటిన వేళ్లతో ఆ తల్లులు వరస వెంట వరస కూడబలుక్కుని చదివేవారు. ప్రతి ఆదివారం ప్రసంగం ముగించేముందు, "నాను సెప్పినాను గదాని నమ్మీకండి, ఇంటికెల్లి సదువుకోండి" అనేవాడు. నిజంగానే కొందరు సాయంత్రం వచ్చి, ఇక్కడ నువ్వు చెప్పినట్టు లేదయ్యా అని నిలదీస్తే, ఆయన మురిసిపోయేవాడు.

ఇప్పుడా పల్లెలో పాక గుడి పోయి మేడ గుడి వచ్చింది; చదవలేనివాళ్లు దాదాపు లేరు; ప్రసంగించేవాళ్ల గొంతు మైకులో ఎంత దూరమైనా వినిపిస్తుంది. మొన్న వెళ్లినప్పుడు ప్రసంగమయ్యాక అందరూ ఆమెన్ అని లేచి చెప్పులు వెతుక్కున్నారు. ఆ మాట గ్రంథంలో ఎక్కడుందని అడిగినవాళ్లు లేరు. అడగమని చెప్పినవాళ్లూ లేరు.