నేను తోడేసిన నీళ్లు

"అమ్మాయ్, మీ పెదనాయన లేవడంలా. ఒకసారి రా" అని గోడ అవతలి నుంచి పెద్దమ్మ పిలిచింది. పోయిన నెలలో ఒక పొద్దున. నేను ఇడ్లీపిండి గిన్నెల్లో పోస్తున్నాను. వెళ్లేసరికి ఆయన మంచం మీద పక్కకు తిరిగి నిద్రపోతున్నట్టే ఉన్నారు. ఒళ్లు చల్లబడిపోయింది. నిద్రలోనే గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు.

ఆయన మాకు చుట్టం కాదు, పక్కింటాయన. మా ఆయనకు కృష్ణపట్నంలో ఉద్యోగం వచ్చినప్పుడు సముద్రం దగ్గరి ఈ పాళెంలో ఇల్లు తీసుకున్నాం. నా పుట్టిల్లు వెంకటాచలం వైపు. వరి పండించేవాళ్లం. వచ్చిన రోజే ఆయన గోడ మీదుగా చేపలు అందిస్తూ, "సారూ గీరూ అనబాకమ్మా. పెదనాయనా అను, సరిపోద్ది" అన్నారు. ఆ రోజు నుంచి వాళ్లిద్దరూ నాకు పెదనాయన, పెద్దమ్మ.

ఆయనకు తన చేత్తో చేసుకున్న కొయ్యనావ ఉండేది. పాళెంలో మిగతావన్నీ మోటారు బిగించిన ఫైబరు బోట్లు. ఆయన ఒక్కరే తెరచాప కట్టుకుని ఉప్పుటేట్లో వలకు పోయేవారు. గట్టు మీద ఉన్నవాళ్లు ఊరుకునేవాళ్లు కాదు.

"ఏం మామా, ఇయ్యాల పెట్రోలు దొరకలేదా?"

"నా గాలిబంకు కాడ లైను ఉండదు రా అల్లుడా. నువ్వు పోయి నిలబడు."

అట్లా నవ్వినవాళ్లే తమ చుక్కాని బిగుసుకుపోతే, బోటు ఒక పక్కకు లాగితే, మళ్లీ ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. ఆయన బోటెక్కి ఒక చుట్టు తిరిగి, ఎక్కడ సరిచెయ్యాలో చెప్పేవారు.

పాలు ఎన్ని పోయించుకున్నాం, గ్యాసుబండ ఎప్పుడు మార్చాం, అన్నీ పుస్తకంలో రాసుకోవడం నాకు అలవాటు. అది చూసి ఒకరోజు, "నా నావకు గూడా ఒక పుస్తకం పెట్టమ్మాయ్. నాకు చదువు లేదు, గుర్తుండి చావదు" అన్నారు. ఏటా ఎండాకాలంలో మరమ్మతు అయినాక నావను ఏట్లో దించి, అది గాలికి ఎట్లా నడుస్తుందో చూసేవారు. ఒడ్డుకొచ్చి చెబితే నేను రాసేదాన్ని. 'తెరకొయ్య మొదలు ఒక వేలు ముందుకు జరిపాం. మూతి గాలికి ఎదురు తిరగడం తగ్గింది.' 'చాప కింది తాడు కాస్త వదులు చేశాం. ఊపు వచ్చింది.'

రోజుకు ఒక్కటే మార్చేవారు. తాడూ కొయ్యా రెండూ ఒకేసారి జరిపేస్తే పని తొందరగా అవుతుంది కదా అని నేను అడిగితే, "రెండూ మారిస్తే ఏది మేలు చేసిందో, ఏది కీడు చేసిందో ఎవురు చెప్తారమ్మా? నావకు నోరు లేదు. మనమే నిదానంగా అడగాల" అన్నారు. ఇంటి పనుల్లో ఇప్పటికీ ఆ మాటే పాటిస్తాను.

ఇంత రాసిన నాకు తెలియంది ఒకటుంది. అదే చెప్పాలి.

రెండేళ్ల కిందటి ఎండాకాలంలో ఆయన రెండు పాత పలకలు తీసేసి కొత్తవి వేశారు. సందుల్లో నూలు దట్టించి, గుగ్గిలం నూనెలో కాచి పూశారు. నెల పట్టింది. తర్వాత వెంకటాచలంలో ఉన్న కూతురు కాన్పుకని ఇద్దరూ పది రోజులు వెళ్లారు. నాకు తాళంచెవి ఇచ్చి, కోళ్లకు గింజలు వెయ్యమన్నారు.

నాలుగో రోజు పెరట్లో నావ ఉంచే పాకలోకి పోయి చూస్తే నావ నిండా నీళ్లు. మీద తడిపిన గోతాలు కప్పి ఉన్నాయి. అప్పుడు మా వీధిలో జ్వరాలు. ఎక్కడా నీళ్లు నిలవ ఉంచొద్దని ఆరోగ్య కార్యకర్త ఇల్లిల్లూ తిరిగి చెప్పి వెళ్లింది. నావ నీళ్లలో ఉండాలి, నావలో నీళ్లు ఉండకూడదు. నాకు తెలిసింది అంతే. బక్కెటతో తోడి, అడుగున గుడ్డతో తుడిచి, గోతాలు తీగ మీద ఆరేసి, ఎండ తగిలేట్టు పాక మీద తాటాకులు రెండు తీసేశాను. పని బాగా చేశాననే అనుకున్నాను. ఆయన వచ్చి మెచ్చుకుంటారనుకున్నాను.

వాళ్లు వచ్చే ముందురోజు చేపలమ్మే ఆమె గోడమీంచి చూసి నోరు నొక్కుకుంది. "ఇదేందక్కా, నావను వడియాల మాదిరి ఎండబెట్టినావు? కొత్త పలకలు నానితే ఉబ్బి సందులు మూసుకుంటాయి. అందుకే గదా నీళ్లు పోసి పోయింది!"

దగ్గరికి పోయి చూశాను. కొత్త పలక ఒకటి నిలువునా సన్నగా చీలి ఉంది. సందుల్లో నూలు వదులై బయటికి వచ్చింది.

అప్పుడు నేను చేసింది చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఫోన్ చెయ్యలేదు. మోటారు వేసి, పైపు పెట్టి నావ నిండా నీళ్లు పట్టాను. తాటాకులు కప్పాను, గోతాలు తడిపి ఎట్లా ఉన్నవి అట్లా పరిచాను. తెల్లారేసరికి సగం నీళ్లు కారిపోతే మళ్లీ పట్టాను. చేపలమ్మే ఆమెను ఎవరికీ చెప్పొద్దని బతిమాలాను.

పెదనాయన వచ్చీ రాగానే పెరట్లోకి పోయారు. నావ కింద తడిసిన ఇసుక తొక్కి చూసి, "అమ్మాయ్, దినామూ ఇట్టనే కారతా ఉండిందా?" అన్నారు.

"నేను చూడలేదు పెదనాయనా."

ఇంకో నాలుగు రోజులు నానబెట్టి ఏట్లో దించారు. నడిమికి పోకముందే నీళ్లు వచ్చేశాయి. మోకాలి లోతు నీళ్లలో నావను తోసుకుంటూ ఒడ్డుకొచ్చారు. పుస్తకం పట్టుకుని నిలబడ్డ నాతో, "రాయమ్మాయ్. పలక చీలింది, నూలు నిలవలా. నా పనిలో చేతిపట్టు తప్పింది" అన్నారు.

రాశాను. గుండ్రటి అక్షరాలతో, తారీఖు వేసి, రాశాను.

ఆ తర్వాత ఆయన ఉలి పట్టలేదు. బోట్లవాళ్లు సలహాకు వస్తే, "వేరే ఎవురికైనా చూపించుకోండబ్బా, నావల్ల కాదు" అని పంపేసేవారు. కొన్నాళ్లకు వాళ్లూ రావడం మానేశారు. ఒకసారి ధైర్యం చేసి, "పెదనాయనా, ఆ నావ..." అని మొదలుపెట్టాను. "పోనీలేమ్మా. దానికీ వయసైంది, నాకూ అయింది" అన్నారు. ఆ మాటను అడ్డం పెట్టుకుని లేచి వచ్చేశాను. ఇట్లా చెప్పకుండా తప్పించుకున్నవి ఇంకా ఉన్నాయి. రెండేళ్లలో ఎన్నో సాయంత్రాలు ఆ అరుగు మీద కూర్చుని, వంటల గురించీ వానల గురించీ మాట్లాడి వచ్చాను.

కర్మ అయిన మర్నాడు పెరట్లో పెద్దమ్మా నేనూ పొయ్యిబూడిదతో పెద్ద గిన్నెలు తోముతున్నాం. అప్పుడు చెప్పాను. నీళ్లు తోడింది, మళ్లీ పట్టింది, చూడలేదని అబద్ధమాడింది, ఏదీ దాచకుండా చెప్పాను. తిట్టినా పడదామనుకున్నాను.

ఆమె తిట్టలేదు. చేతిలో పీచు కింద పెట్టింది.

"అదా సంగతి" అంది. "పొద్దున లేస్తానే మంచం మీద కూర్చుని, చేతులు ఇట్టా పెట్టుకుని చూసుకునేవాడు. ఏందయ్యా అంటే, ఈటికి ఏమైందే అని నన్నడిగేవాడు. నేనేం చెప్తా? నాకు మాత్రం తెలుసా?"

ఎట్లాగో చూపించడానికి ఆమె తడిచేతులు రెండూ నా ముందు చాపింది. అరచేతులు పైకి పెట్టింది. తిప్పి వెనకవైపు చూపించింది. మళ్లీ అరచేతులు పైకి. బూడిదనీళ్లు మోచేతుల దాకా జారుతున్నా ఆమె చేతులు దించలేదు.