లచ్చవ్వ పాడని పాట

2024 వానాకాలం. హన్మకొండలో ఒక మందుల దుకాణం పైన, రెండు గదుల్లో మా ఆన్‌లైన్ మ్యూజిక్ స్టార్టప్ నడిచేది. నేను సౌండ్ ఇంజినీరును. కంపెనీ పెట్టిన ప్రవీణ్ నాకంటే చిన్నవాడు, నన్ను అక్కా అని పిలిచేవాడు. సినిమా పాటలకు లైసెన్స్, అంటే వాటిని వినిపించే హక్కు, కొనే శక్తి మాకు లేదు. అందుకే చుట్టుపక్కల ఊళ్ల పాటలు రికార్డు చేసి యాప్‌లో పెట్టేవాళ్లం. జనం మెచ్చుకునేవారు, రెండు పాటలు విని పెద్ద కంపెనీల యాప్‌లకు వెళ్లిపోయేవారు. ఎప్పుడు మూతపడుతుందోనన్న బెంగ మమ్మల్ని వదిలేది కాదు.

మా దగ్గర ఎక్కువ మంది వినే గొంతు లచ్చవ్వది. వర్ధన్నపేట దగ్గరి పల్లె ఆమెది. నాటు పాటలు, అంటే వరి నాట్లు వేస్తూ పాడేవి, పాడేది. మైకు ముందు కూర్చున్నా పొలంలో ఉన్నట్టే కాస్త ముందుకు వంగేది. ఒక్కడే కొడుకు ఐలయ్య, సరుకులు మోసే డీసీఎం వ్యాను నడుపుతాడు.

ఒక పొద్దున ఆమె ఫోన్ చేసింది.

"బిడ్డా, నా కొడుకు ఏమైండు? ఫోన్ల నా గొంతు ఏడుస్తాంది. వాడకు వాడ మా ఇంటికి ఉరికొచ్చింది. నేను ఏడ్వలే బిడ్డా, ఒట్టు!"

యాప్ తెరిచాను. లచ్చవ్వ గొంతే. బండెక్కి పోయిన కొడుకు తిరిగి రాలేదని శోకం పెడుతోంది. ఆ పాట నేను రికార్డు చేయలేదు.

ప్రవీణ్‌ను అడిగాను. తల దించుకున్నాడు. "వాయిస్ క్లోనింగ్ అక్కా. అవ్వ పాత పాటలిచ్చి, సాఫ్ట్‌వేర్‌తోని ఆమె గొంతుల కొత్త పాట చేయించిన. ఇన్వెస్టర్లు రోజుకో పాట కావాలంటాండ్రు. ఏడుపు పాటలైతే జల్ది షేర్ అయితయి."

"ఐలయ్య బండి నడుపుతడని నీకు తెల్వదా?"

"ఆ సోయే లేకపాయె అక్కా."

పాట తీసేశాం. కానీ అప్పటికే అది వాట్సాప్‌లో ఊళ్లు తిరుగుతోంది. ఐలయ్యకు ఫోన్ కలవలేదు. ఇద్దరం బండి మీద లచ్చవ్వ ఊరికి బయలుదేరాం. ఖమ్మం రోడ్డులో ఎదురొచ్చే ప్రతి వ్యానునూ చూశాను. పాట అబద్ధమని తెలుసు, అయినా అది నిజమైపోతుందేమోనన్న భయం పోలేదు.

లచ్చవ్వ ఇంటి ముందు ఆడవాళ్లు కూర్చుని ఏడుస్తున్నారు. ఆమె మాత్రం ఏడవడం లేదు. గట్టిగా ఏడిస్తే కొడుక్కి కీడు జరుగుతుందన్నట్టు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, దారి వైపే చూస్తోంది.

మధ్యాహ్నం దాటాక ఐలయ్య వచ్చాడు. మిర్చి బస్తాలు దించుతుండగా ఫోన్ చార్జింగ్ అయిపోయిందట. "ఏమైందే, ఇంతమంది ఎందుకున్నరు?" అన్నాడు. లచ్చవ్వ అతని ముఖం, భుజాలు తడిమి, అక్కడే కూలబడింది.

ప్రవీణ్ ఆమె ముందు కూర్చుని జరిగింది చెప్పాడు. ఆమె తిట్టలేదు.

"నా నోటితోనే నా కొడుక్కు శోకం పెట్టిచ్చినవా, అయ్యా?" అంది. ప్రవీణ్ ఫోన్ వైపు చూసి, "నా పాటలన్నీ తీసెయ్. రేపు నా గొంతుతోని ఇంకేం అనిపిస్తరో?"

ఆమె కళ్ల ముందే అన్నీ తీసేశాం. క్లోనింగ్ ఇక చేయనని ప్రవీణ్ చెప్పగానే ఇన్వెస్టర్లు తప్పుకున్నారు. కొన్ని నెలలకు స్టార్టప్ మూతపడింది.

ఇప్పుడు వేరే స్టూడియోలో పనిచేస్తున్నాను. రికార్డింగ్‌కు ముందు, ఆ గొంతుతో ఏమేం చేయొచ్చో పాడేవాళ్లకు విడమరిచి చెబుతాను. కొందరు భయపడి లేచి వెళ్లిపోతారు. వాళ్లను ఆపను. గొంతు పాటతోపాటు అయిపోదనీ, మనిషి ఇంటికి వెళ్లాక కూడా మా దగ్గరే ఉండిపోతుందనీ ఆ రోజే నాకు అర్థమైంది.

మొన్న బస్టాండులో ఐలయ్య కనిపించాడు. అవ్వ పాడుతోందా అని అడిగాను.

"నాట్లల్ల కూడా పాడ్తలేదక్కా. పక్కోళ్ల చేతిల ఫోన్ కనవడితే మాట కూడా ఆపేస్తాంది."