కోటకొమ్మ తువ్వాలు

యాభై ఎనిమిదో సంవత్సరం, శ్రావణ పౌర్ణమి, శుక్రవారం, పొద్దున సరిగ్గా పది గంటలకు మా నాన్న "ఇక చెప్పండి" అన్నాడు. గంట విషయంలో నాకు అనుమానం లేదు. కొలంబో బాబాయి తన చేతి గడియారం చూసి "పదయింది, కానివ్వండి" అన్నాకే నాన్న నోరు తెరిచాడు. ఆ రోజు చీరాలలో మా నేతపనివాళ్ల వీధిలో మగ్గాలకు సెలవు. పొద్దున్నే కొత్త జంధ్యాలు వేసుకుని మగవాళ్లంతా అరుగుల మీద కూర్చున్నారు. మగ్గాల చప్పుడు లేకపోతే మా వీధిలో ఒక ఇంట్లో మాట ఇంకో ఇంట్లో వినబడుతుంది. ఆ రోజు నాకు అది మేలు చేయలేదు.

చెప్పమన్నది దారి. చీరాల నుంచి కొలంబోకి దారి.

నా భార్యకు కొలంబో చూడాలని పుట్టింది. మా వీధిలో అప్పటిదాకా ఎవరూ ఊరికే చూసి రావడానికి ఎక్కడికీ వెళ్లలేదు. పెళ్లికి వెళ్లారు, చావుకు వెళ్లారు, మొక్కు తీర్చుకోవడానికి కొండకు వెళ్లారు, పని దొరక్క రంగూను వెళ్లారు. పని ఉండగా మగ్గం ఆపి, సముద్రం దాటి, చూసి తిరిగొస్తామంటే దానికి మా దగ్గర మాట కూడా లేదు. మా అమ్మ దాన్ని "తిరుగుడు" అంది.

కొలంబో బాబాయి మాకు చుట్టమేం కాదు. పక్కింటాయన. అక్కడ బట్టల కొట్లో ఇరవయ్యేళ్లు పనిచేసి తిరిగొచ్చాడు, ఆ పేరు అలా పడింది. మేం నేసే గళ్ల లుంగీలు షావుకారు చేతుల మీదుగా అక్కడికే పోయేవి. ఒకనాడు ఆయన మా గుమ్మంలో నిలబడి, "అమ్మాయ్, నువ్వు నేసిన గళ్లు కొలంబో రేవులో నడుస్తుంటాయి" అన్నాడు. మగ్గం మీదున్న నా భార్య చేతిలో పోగు విసిరే నాడె ఆగిపోయింది.

"ఎవరు కట్టుకుని తిరుగుతున్నారో ఒక్కసారి చూడాలి" అంది ఆ సాయంత్రం.

"లుంగీ చూడటానికి లంకకు పోవాలా? ఇదిగో, నేను కట్టుకున్నది చూడు" అన్నాను.

"నువ్వు కట్టుకుంటే గుడ్డలాగే ఉంటుంది" అంది.

మా నాన్నకు ఈ ప్రయాణమంటే భయం. ఆయన తమ్ముడు రంగూను వెళ్లి, ఓడ దిగిన జనంలో తోటివాళ్ల నుంచి విడిపోయాడు. మళ్లీ కబురు లేదు. అక్షరం రాకే తమ్ముడు పోయాడని నాన్న నమ్మకం. ఆయనకూ రాదు. ఆ నమ్మకంతోనే పందెంలాంటి షరతు పెట్టాడు: "మీ ఇద్దరిలో ఎవరైనా సరే, దారి మొత్తం ఒక్క తప్పు లేకుండా నా ముందు చెప్పాలి. చెబితే వెళ్లండి. తప్పితే ఈ ఇంట్లో మళ్లీ ఆ మాట ఎత్తకూడదు." గడువు పౌర్ణమి.

నాకప్పుడు ముప్పై రెండేళ్లు. సాయంత్రాలు పెద్దవాళ్ల బడికి వెళ్లి గుణింతాలు దిద్దుతున్నాను. వత్తులు ఇంకా రాలేదు, పొగరు మాత్రం ముందే వచ్చింది. నా భార్యతో, "నువ్వు నోరు విప్పకు. చదువుకున్నవాణ్ణి నేనున్నానుగా" అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు కోపం వస్తుంది.

బాబాయి మూడు రోజులు కూర్చుని దారి చెప్పాడు. నేను పలక పక్కన పెట్టి కాగితం మీద రాసుకున్నాను. ఆమె మా వెనక నూలు కండెలు చుట్టుకుంటూ వింది. నేను అడిగినవన్నీ బడాయి ప్రశ్నలు: ట్రాములు ఎంత పొడుగుంటాయి, ఓడలు ఎన్ని ఆగుతాయి. ఆమె అడిగినవి వేరు. "బండి దిగాక ఎడమకా, కుడికా? మంచినీళ్లు ఎక్కడ పడతారు? కాగితాలు చూపించమనేది ఓడ ఎక్కే ముందా, దిగాకా?" బాబాయి ప్రతిసారీ కాస్త ఆలోచించి గానీ జవాబు చెప్పలేకపోయాడు. ఇరవయ్యేళ్లు ఉండి వచ్చిన మనిషిని ఆలోచనలో పడేసింది.

"అక్కడ బోర్డులు చదువుకోవచ్చులే" అన్నాను నేను.

"మూడు రకాల రాతలుంటాయిరా అబ్బాయ్. ఒక్కటీ మనది కాదు" అన్నాడు బాబాయి. నేను విననట్టు రాసుకుంటూ పోయాను.

ఇక ఆ శుక్రవారం. నాన్న చాప మీద, బాబాయి ఆయన పక్కన, అమ్మ స్తంభానికి ఆనుకుని. నేను నిలబడి కాగితం చదివాను. మద్రాసు వచ్చింది, ధనుష్కోడి వచ్చింది, ఓడ వచ్చింది, అవతలి గట్టున రైలు వచ్చింది. నాన్న ముఖం మెత్తబడుతోంది. చివరి ముక్క గట్టిగా చదివాను: "కొలంబో తోటలో దిగాలి."

"ఏ తోట?" అన్నాడు బాబాయి.

"కొలంబో తోట."

ఆయన కాగితం లాక్కుని కళ్ల దగ్గర పెట్టుకున్నాడు. "ఒరే, ఇది కోటరా! స్టేషను పేరు కోట. తోటలో దొరల బంగళాలుంటాయి. అక్కడికి పోతే నీ మీదికి కుక్కల్ని వదులుతారు."

నా రాతలో 'క'కూ 'త'కూ తేడా నాకే తెలియదు. ఎదురరుగు మీదివాళ్లు నవ్వడం వినబడింది. నాన్న నవ్వలేదు. కండువా భుజాన వేసుకుని లేచాడు. "అక్షరాలొచ్చినవాడే తప్పాడు. అయిపోయింది."

మగ్గం గది గుమ్మంలోంచి నా భార్య అంది: "మామయ్యా, ఇద్దరిలో ఎవరైనా అన్నారు. నన్ను అడగలేదు."

"నువ్వేం చదివావే?" అంది అమ్మ.

"చదవలేదత్తయ్యా. నేశాను."

ఒక తువ్వాలు తెచ్చి నాన్న ముందు చాపంతా పరిచింది. పడుగు చివర మిగిలిన తెల్లటి పోగుల మీద నేసింది. ఎప్పుడు నేసిందో నాకు తెలియదు. ఒకే కప్పు కింద ఉండి తెలియలేదంటే నా చూపు ఎలాంటిదో మీరే అనుకోండి. తెలుపు మీద అడ్డంగా రంగు చారలు, ఒకదానికీ ఒకదానికీ దూరం వేరు వేరు.

నాన్న మళ్లీ కూర్చున్నాడు. నేతవాడి ముందు బట్ట పరిస్తే నిలబడలేడు. ఒక ఎర్ర చార మీద వేలు పెట్టాడు. "ఇదేంటి?"

"తెలుపు బండిలో కూర్చోవడం మామయ్యా. ఎరుపు దిగి మారడం."

"అయితే ఇది మద్రాసు." వేలు జరిగింది. "వెంటనే ఇంకో ఎరుపు ఉందే?"

"అక్కడ ఒక స్టేషన్లో దిగి ఇంకో స్టేషనుకి జట్కాలో పోవాలి. అందుకే మధ్యన బెత్తెడు తెలుపు కూడా లేదు."

ఆ తర్వాత ఆమెను ఆయన అడగనే లేదు. పొడుగాటి తెలుపు మీద వేలు నడిపించి, "రాత్రంతా రైలు" అన్నాడు. నీలం దగ్గర ఆగి, "సముద్రం" అన్నాడు. నీలానికి రెండు వైపులా పసుపు పోగులున్నాయి. "కాగితాలు. ఈ గట్టునొకసారి, ఆ గట్టునొకసారి. అంతేనా?" బాబాయి తల ఊపాడు.

తువ్వాలు కొసన ఎర్ర పోగులు చేత్తో ఎత్తి వేసిన కోటకొమ్మ ఉంది. చీర అంచు మీద రంపం పళ్లలాగా వరుసగా నిలబడే గురుతు అది. మా ఇళ్లలో ఏ పిల్లను అడిగినా దాని పేరు చెబుతుంది. నాన్న దాని మీద అరచెయ్యి ఆన్చాడు.

"కోట" అన్నాడు. "కోటలో దిగాలి."

ఆయన జన్మలో చదివింది అదొక్కటే. కొంచెంసేపు తువ్వాలు నిమిరి, ఒకచోట ఆగి, "ఇక్కడ పోగు తప్పావమ్మాయ్" అన్నాడు.

"తప్పలేదు మామయ్యా. అక్కడ రైలు చాలాసేపు ఆగుతుందంట."

నాన్న తువ్వాలు మడిచి ఆమె చేతికిచ్చాడు. "మగ్గం మీదున్న పడుగు అయిపోగానే, కాగితాలు వచ్చాక బయల్దేరండి. ఒరేయ్, నువ్వు అమ్మాయి వెనకాల నడువు. ముందు నడవకు."

అలాగే నడిచాను. కోట స్టేషను బయట జనం ఒకళ్ల మీద ఒకళ్లు పడుతున్నారు, ట్రాముల గంటలకు నాకు తల తిరిగింది. ఆమె తువ్వాలు భుజాన వేసుకుని, ఎడమకు తిరిగి, తిన్నగా రేవు దగ్గరికి తీసుకుపోయింది. బస్తా మోస్తున్న ఒక మనిషి వెనక నాలుగడుగులు నడిచి, అతని లుంగీ అంచులో తాను ఎప్పుడూ దాచి వేసే ఒంటి ఆకుపచ్చ పోగు నాకు చూపించింది. తర్వాత నేను వత్తులు నేర్చుకున్నాను. ఇదంతా రాయగలుగుతున్నాను. ఆ తువ్వాలంత స్పష్టంగా మాత్రం ఒక్క పేజీ రాయలేకపోయాను.

ఆ శుక్రవారం ఆ చాప దగ్గర ఉన్నవాళ్లు: నా భార్య, మా నాన్న, మా అమ్మ, కొలంబో బాబాయి, చివర నేను.