మా గోలీ అన్న మాట

మా ఫుట్‌బాల్ క్లబ్బును మళ్ళీ నిలబెట్టాలని ఊళ్ళో కొంతమంది పూనుకున్నారు. జెర్సీలు కుట్టించారు, ఫోన్లలో ఒక గ్రూపు పెట్టుకున్నారు, అందులో క్లబ్బు చరిత్ర అంటూ ఒక పేజీ రాసి పెట్టారు. మా గోల్‌కీపరు బరంపురం మైదానంలో రిఫరీని బూతు తిట్టాడనీ, దాంతో జట్టు పరువు పోయి క్లబ్బు చితికిపోయిందనీ అందులో ఒక వాక్యం ఉంది. ఆ వాక్యం తప్పు. తప్పని కచ్చితంగా తెలిసినవాళ్ళం ఇద్దరమే మిగిలాం. ఒకడు ఆ గోల్‌కీపరు. రెండోవాణ్ణి నేను, అప్పటి కెప్టెన్ని.

రాసినవాళ్ళను ఏమీ అనలేను. ఆ కథ వాళ్ళకు చెప్పింది నేనే. టీ కొట్టు దగ్గర కూర్చుని, రిఫరీ గొంతు అనుకరించి, నవ్వించి మరీ చెప్పాను. ఒకసారి కాదు, ఏళ్ళ తరబడి చెప్పాను.

మాది ఒడిశా వైపు ఆఖరి ఊరు. లారీలు చెక్‌పోస్టు గేటు దగ్గర ఆగుతాయి, అవతల ఆంధ్రా. బళ్ళో ఒడియా చదువు, ఇంట్లో తెలుగు. బరంపురం వెళ్తే మమ్మల్ని తెలుగోళ్ళు అనేవారు, ఇచ్ఛాపురం వెళ్తే ఒడియావాళ్ళు అనేవారు. ఆ రెండు పేర్లూ వినపడని చోటు రైసు మిల్లు వెనక ఇసక మైదానం ఒక్కటే. మూడు వైపులా మొగలి పొదలు. బంతి అందులో పడితే ముళ్ళు దిగి గాలి పోయేది. అతుకులు వేసీ వేసీ మా బంతి గుండ్రంగా ఉండేది కాదు, ఎటు ఎగురుతుందో మాకు తప్ప ఇంకెవరికీ తెలిసేది కాదు. మా నాన్నకు బరంపురం బడా బజార్లో పప్పుల హోల్‌సేలు కొట్టు ఉండేది. క్లబ్బుకు మొదటి బంతి ఆయనే కొనిచ్చాడు. నేను కెప్టెన్ని కావడానికి అదీ ఒక కారణమే.

జట్టుకు ఊపిరి మాత్రం దగ్గర్లో సముద్రపు ఒడ్డునున్న రామయ్యపట్నం నుంచి వచ్చేది. పొద్దున్నే వేట ముగించి, చేపలు ఒడ్డున పడేసి, సాయంత్రానికి అయిదారుగురు మత్స్యకారులు సైకిళ్ళ మీద వచ్చేవాళ్ళు. మేం గోలీ అని పిలిచే మా గోల్‌కీపరు వాళ్ళలో ఒకడు. వల తాడు లాగి లాగి అతని అరచేతులు చెక్కలా ఉండేవి. బంతి వాటికి తగిలితే అక్కడే ఆగిపోయేది. ‘కోనాం సేపనుకోరా, ఒగ్గీకు’ అని, మంచి ధర పలికే చేప అనుకుని బంతిని వదలొద్దని, గట్టు మీది నుంచి మావాళ్ళు అరిచేవాళ్ళు. ‘కోనామైతే మీకెందుకు సూపిస్తాను, సంతకి పట్టుకెల్లిపోతాను’ అని అతను గోలు ముందు నుంచే జవాబిచ్చేవాడు. మైదానంలో నన్ను అన్నా అనేవాడు. కొట్టు దగ్గర కనిపిస్తే బాబూ అనేవాడు. ఆ తేడా అతనికి ఎవరూ నేర్పలేదు. నాకూ అప్పట్లో వింతగా అనిపించలేదు.

బరంపురంలో ఒక టోర్నమెంటు సెమీఫైనల్ మాకు అన్నిటికంటే పెద్ద ఆట. గెలిస్తే మరుసటి ఏడు జిల్లా లీగులో చోటు. ఆట ఆఖరులో మా మీద పెనాల్టీ ఇచ్చారు. అది పెనాల్టీయేనా కాదా అన్నది ఇవాళ నేను చెప్పలేను. ఆ రోజు మాత్రం నాకు ఒళ్ళు తెలియలేదు. రిఫరీ ఒడియా పెద్దమనిషి, తెలుగు రాదు. ఆయన మొహంలో మొహం పెట్టి తెలుగులో నానా బూతులూ తిట్టాను. అర్థం కావన్న ధైర్యం ఉంది కదా, వాళ్ళమ్మనీ వదల్లేదు. చెయ్యి కూడా ఎత్తాను.

గోలీ గోలు వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. వెనక నుంచి నా నడుం పట్టుకుని పక్కకు లాగుతూ, నా చెవి పక్కన గట్టిగా అరిచాడు.

‘సాలన్నా. సాలు. సాలు.’

చాలు అన్నమాట. మా పక్క అందరూ అలాగే అంటారు. వడ్డించేటప్పుడు అంటాం, పోట్లాట ఆపేటప్పుడు అంటాం. ఎదురుగా నిలబడ్డ రిఫరీకి నా భుజం మీదుగా గోలీ మొహం కనిపించింది, అతని నోట్లోంచి ‘సాలా’ అన్న తిట్టు వినిపించింది. బావమరిది అనే మాటే, బరంపురం వీధుల్లో అది చొక్కా పట్టుకునే మాట. అప్పటిదాకా నేను తిట్టినవేవీ ఆయనకు అర్థం కాలేదు. అర్థమైంది ఈ ఒక్కటే, అదీ అనని మాట. ఎర్ర కార్డు తీసి గోలీ మొహం ముందు పెట్టాడు. దూరంగా గట్టు మీద మావాళ్ళకు ఏమీ సరిగ్గా వినిపించలేదు. గోలీ కూడా తిట్టేశాడనుకుని ఈలలు వేశారు.

తర్వాత టోర్నమెంటు కమిటీ పెద్దలు మమ్మల్నిద్దరినీ పిలిపించారు. ఒక దుకాణం మేడ మీద గది. గోలీ తలుపు దగ్గరే నిలబడ్డాడు, నాకు కుర్చీ వేశారు. పెద్దల్లో ఒకాయన మా నాన్నకు కొట్టు పొరుగు. మీవాడు రిఫరీని ఏమన్నాడని ఒడియాలో అడిగారు. గోలీకి ఒడియా అర్థమవుతుంది, చేపలు అమ్ముకునేంత వచ్చు. పెద్దల ముందు మాట్లాడేంత రాదు. అతను నా వైపు చూశాడు. అందులో అనుమానమేమీ లేదు. వివరం చెప్పేవాడు పక్కనే ఉన్నాడన్న నిశ్చింతతో చూశాడు.

ఒక్క ముక్క సరిపోయేది. మా తెలుగులో ఆ మాటకు చాలని అర్థం, అతను అన్నది మిమ్మల్ని కాదు, నన్ను. కానీ ఆ ముక్క వెనకే ఇంకో ప్రశ్న వస్తుంది. నిన్నెందుకు ఆపాల్సి వచ్చింది, నువ్వేం చేస్తున్నావని అడుగుతారు. కెప్టెనే తిట్టాడంటే జట్టు మొత్తాన్నీ పంపేస్తారని లోపల ఒక లెక్క వేసుకున్నాను. జట్టు కోసమే అని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి ఆ గదిలో నాకు గుర్తొచ్చింది జట్టు కాదు, మా నాన్న పొరుగు కొట్టాయన నన్ను చూసే చూపు. చేతులు జోడించి ‘భుల్ హెయిగలా’ అన్నాను. తప్పయిపోయింది, చదువు లేనివాడు, క్షమించండి అన్నాను. ఎవరిది తప్పని వాళ్ళు అడగలేదు. నేను చెప్పలేదు.

గోలీని ఇక ఏ ఆటలోనూ దిగనివ్వద్దని తేల్చారు. క్లబ్బును ఏమీ అనకుండా వదిలేశారు.

తిరుగు బస్సులో అతని పక్కన కూర్చుని, ఏడాది తిరక్కుండా సర్ది చెప్పిస్తానన్నాను. అతను కిటికీలోంచి చూస్తూ ఒక్క మాటే అన్నాడు.

‘నాను నిన్ను ఆపినాను గదా అన్నా.’

అన్నా అని పిలవడం అదే ఆఖరు.

మర్నాడు సాయంత్రం రామయ్యపట్నం నుంచి ఒక్క సైకిలూ రాలేదు. ఆ తర్వాతా రాలేదు. ఎవరినో ఒకరిని గోలులో నిలబెట్టి ఆడాం, ఓడాం. ఆడగలిగినవాళ్ళు సూరత్ మిల్లులకు రైలెక్కారు. ఒక తుఫానుకు వెదురు గోలుపోస్టులు ఎగిరిపోతే మళ్ళీ పాతడానికి పదిమంది పోగవలేదు. మైదానం ఇప్పుడు లారీలు ఆపుకునే స్థలం. క్లబ్బును ఎవరూ మూసెయ్యలేదు. దాన్ని నిలబెట్టుకోవడానికే ఆ రోజు ఆ మాట మింగాననుకున్నాను, అది అక్కడే పోయింది.

అతనికి మాత్రం పేరు మిగిలింది. చేపల తట్టతో మా ఊరు వస్తే ‘సాలా గోలీ’ వచ్చాడనేవారు. ఒక పెళ్ళి భోజనంలో అతను నాకు ఎదురు బంతిలో కూర్చున్నాడు. సాంబారు బకెట్టు పట్టుకుని మా పాత జట్టువాడే వడ్డిస్తున్నాడు. అప్పుడు గమనించాను. గోలీ చాలని నోటితో అనడం లేదు. విస్తరి మీద అరచెయ్యి అడ్డం పెడుతున్నాడు. వడ్డించేవాడూ గమనించాడు. గరిటె ఆ చేతి మీదుగా ఆపి, ‘సాలా, సాలదా?’ అన్నాడు. బంతి బంతంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. వేడి సాంబారు రెండు చుక్కలు అతని వేళ్ళ మీద పడ్డాయి. అతను చెయ్యి తియ్యలేదు.

గ్రూపులో ఆ పేజీ చదివాక రామయ్యపట్నం వెళ్ళాను. బరంపురం లంజిపల్లిలో ఇల్లు కట్టుకున్నాక అటు వెళ్ళడమే మానేశాను. అతని వీధి సగం లేదు, సముద్రం తినేసింది. మిగిలిన వరసలో ఇప్పుడు అతనిదే మొదటి ఇల్లు. వేటకు వెళ్ళడం లేదట. వయసుకు వేళ్ళు పూర్తిగా ముడుచుకోవడం లేదు, తాడు పట్టు దొరకదట. నేను వచ్చిన పని చెప్పాను. ఆ రోజు గదిలో చెప్పనిది చెప్పాను, టీ కొట్టు కథ కూడా దాచలేదు. అతను విన్నాడు.

‘నాకెందుకు సెప్తావు బాబూ? నానేటన్నానో నాకు తెల్దా? ఆళ్ళకి సెప్పు.’

ఎవరికి చెప్పాలి? రిఫరీ పోయాడు. ఆ పెద్దలు పోయారు. జట్టువాళ్ళు ఎక్కడెక్కడో ఉన్నారు. ఆ మాటే అన్నాను.

‘మరైతే ఏటి సేద్దారనొచ్చినావు?’

అతని భార్య వచ్చి, ఇంత దూరం వచ్చి తినకుండా వెళ్ళకూడదని ఇద్దరికీ కంచాలు పెట్టింది. అన్నం, చేపల పులుసు. ఆవిడ వడ్డించే చెయ్యి పెద్దది. నా కంచంలో అన్నం గుట్టవుతోంది, గరిటె మళ్ళీ వస్తోంది. చాలనాలి. అతను ఎదురుగా ఉన్నాడు. నాకు ఆ మాట నోట్లోకి రాలేదు. కంచం మీద చెయ్యి అడ్డం పెట్టాను.

అతను ఆ చెయ్యి చూశాడు. కోపమేమీ లేకుండా అన్నాడు.

‘ఆ మాట నువ్వనొచ్చు బాబూ. నువ్వంటే ఎవుడూ తప్పట్టడు.’

తినేసి లేచాను. బయటికొచ్చాక అలల మోత వినపడుతున్న వాళ్ళింటి గోడ దగ్గరే నిలబడి గ్రూపులో రాశాను, పేజీలో ఉన్నది అబద్ధం, తీసెయ్యండి అని. ముందు నవ్వు బొమ్మలు వచ్చాయి. తర్వాత ఒకడు, ఇది ఆ పాత జోకుకు రెండో భాగమా అంకుల్ అని అడిగాడు. వాడి తప్పు లేదు. ఆ సంగతి నా నోట ఎప్పుడూ నవ్వులాటగానే విన్నాడు. పేజీ ఇంకా అలాగే ఉంది, చేతులు మారుతోంది. సముద్రం ఆ వీధిలో ఇంకో ఇంటి వరకు వచ్చేలోగా ఎవరైనా దిద్దుతారన్న నమ్మకం నాకు లేదు.

అందుకే ఇక్కడ నవ్వు లేకుండా రాస్తున్నాను. ఆ రోజు మైదానంలో రిఫరీని తిట్టింది నేను. మా గోలీ అన్నది సాలు అని. నన్నే అన్నాడు.