అలికిన జీపు

మా రత్నాలు వదిన జీపుకు బ్యాటరీ లేదు. పొద్దున్నే బోనెట్ మీద అరచెయ్యి వేసి "లే" అంటుంది, అది లేస్తుంది. సుంకరమెట్ట నుంచి పెదబయలు దాకా ఏ డ్రైవర్ని అడిగినా ఇదే చెబుతాడు. అందరికీ చెప్పింది నేనే మరి.

వదిన అంటే మా పెదనాన్న కొడుకు భార్య. అన్న టైడాలో రైలు పట్టాల గ్యాంగులో పని చేస్తాడు, ఆదివారాలే ఇంటికొస్తాడు. నేను తొమ్మిదో తరగతిలో బడి మానేసి స్టీరింగు పట్టినవాణ్ణి. ఈ కొండల్లో జనాన్ని ఎక్కించుకునే ట్రెక్కరు బండిని నాలా తోలేవాడు ఇంకా పుట్టలేదు. ఒకసారి మంచులో కళ్లు మూసుకుని ఘాట్ రోడ్డు దిగాను. తెరిచినా కనపడేదేమీ లేదు కాబట్టి మూసుకోవడమే నయమనిపించింది. అలాంటి నా దగ్గర క్లచ్ తొక్కడం నేర్చుకున్న మనిషి, నాకే పోటీగా బండి కట్టింది. కడుపు మండదా?

ఆ జీపు అటవీ బంగళా వెనక ఏళ్ల తరబడి తుప్పు పట్టి పడి ఉండేది. సీట్లలో కోళ్లు పొదిగేవి. వదిన దాన్ని కొని, ట్రాక్టరుకు కట్టి లాక్కొచ్చి ఇంటి ముందు పెట్టుకుంది. ఎండాకాలమంతా విప్పడం, తుడవడం, బిగించడం. నేను రోజూ వెళ్లి, కోళ్లను ఎందుకు వెళ్లగొట్టావు, గుడ్లైనా వచ్చేవి కదా అని ఏడిపించేవాణ్ణి. వానలు మొదలయ్యేసరికి బండి కదిలింది. నాకు అన్నం సయించలేదు.

కానీ పాత జీపు బోనెట్‌కు తాళం ఉండదు. పక్కన క్లిప్పులు లాగితే ఎవడైనా ఎత్తొచ్చు. సంతలో బండి ఆపి ఉప్పు కొనుక్కొచ్చేలోగా బ్యాటరీ పోయింది. ఇంకోటి వేసింది, అదీ పోయింది. నేను ఓదార్చాను, లోపల కాస్త చల్లగానే ఉంది. ఆ తర్వాత వేసిన బ్యాటరీని మాత్రం ఎవరూ చూడలేదు. బోనెట్ ఎత్తితే బ్యాటరీ ఉండాల్సిన చోట ఒక సొరకాయ బుర్ర, దాని నిండా తాగే నీళ్లు. తువ్వాలు పోయిందన్న వంకతో సీట్ల కింద వెతికాను. చక్రాల మధ్య దూరి చూశాను. దొరకలేదు.

ఇప్పుడు అది అక్కడ లేదు కాబట్టి చెబుతున్నాను. వెనక ఎదురెదురు బల్లల మధ్య రేకును కోయించి, కిందికి దిగేలా ఒక ఇనుప పెట్టె వెల్డింగు చేయించింది. అడుగున చూసేవాడికి అది డీజిల్ ట్యాంకే అనిపిస్తుంది, నాకూ అలాగే అనిపించింది. బ్యాటరీని అందులో దించి, కదలకుండా పట్టీ బిగించింది. లావుపాటి వైరును ఇంజన్ దాకా లాగి, రేకు అంచు దాన్ని కోసెయ్యకుండా రబ్బరు తొడిగింది. ఎర్తు వైరును, పెయింటు గీకి తెల్లబడ్డ ఇనుము మీద బోల్టుతో బిగించింది. ఇదంతా ఏ మెకానికైనా చేస్తాడు. పైన మూత గీత కనపడకుండా మాత్రం, ఎర్రమట్టి, పేడ కలిపి, ఇల్లు అలికినట్టు జీపు నేలంతా అలికేసింది. ప్రతి సంతకూ ముందు రోజు మళ్లీ అలుకు.

దాంతో నా కొంప మునిగింది. అలికిన నేల కనపడగానే ఆడవాళ్లు చెప్పులు చేత్తో పట్టుకుని ఎక్కడం మొదలుపెట్టారు. నా ట్రెక్కర్లో పొగాకు ఉమ్మినవాళ్లే ఆమె జీపులో కాళ్లు ముడుచుకుని కూర్చునేవారు. నేనూ నా బండి అలికాను. మొదటి మలుపులోనే పెచ్చులు లేచి జనం ఒళ్లో పడ్డాయి.

చైత్రంలో మా కొండల పండుగ, ఇటుకల పండుగ వచ్చింది. కాఫీ రైతుల మహిళా సంఘానికి పెద్ద అయిన సోములమ్మ మా ఇద్దరికీ ఒకే మాట చెప్పింది: పండక్కి తమవాళ్లను పై ఊరికి చేర్చాలి, దారిలో ఎవరినీ దింపి నడిపించని బండికే వచ్చే కోతల్లో కాఫీ బస్తాలు మోసే పని. ఆ బస్తాలు రాకపోతే వదిన జీపు మళ్లీ కోళ్లకే. సోములమ్మ ఆమె జీపే ఎక్కింది. నేను వెనకాలే బయల్దేరాను.

పండుగ రోజుల్లో మగవాళ్లు వేటకు పోతే ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా కర్ర కడతారు. ఇంజన్ ఆపి, దిగి, వాళ్లతో ఒక వరస ధింసా ఆడితేనే కర్ర లేస్తుంది. పై ఊరికి ముందు, నిట్టనిలువు ఎక్కుడులో కర్ర ఉంది. వదిన ఆపింది. ఆమె వెనక, వేలు దూరే సందు లేకుండా నేను ఆపాను. అందరం ఆడాం. అందరూ తిరిగి ఎక్కారు. వదిన తాళం తిప్పింది. టిక్కుమంది. మళ్లీ తిప్పింది. టిక్కు.

పాపం, అలుకు తడే కొంప ముంచింది. వారం వారం నీళ్లు దిగి, గీకిన ఇనుము మీద, ఎర్తు బోల్టు కింద తుప్పు పట్టేసింది. అప్పుడది నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా బండి కాస్త దొర్లితే చాలు, పాత డీజిల్ ఇంజన్ బ్యాటరీ లేకున్నా రేగుతుందని. ముందు ఎక్కుడు. వెనక పల్లం. పల్లంలో నేను.

వదిన దిగి నా కిటికీ దగ్గరకొచ్చింది.

"మరిదీ, నీ బండి కాస్త ఎనక్కి తియ్యి."

"ఎనక్కెందుకొదినా? బ్యాటరీ ఎక్కడుందో సూపించు. నా దాన్నుంచి వైరు తగిలిత్తాను, బేగి లేత్తాది."

చుట్టూ ఊరంతా ఉంది. పక్కూరి డ్రైవర్లూ ఉన్నారు. నేల పగలగొట్టి మూత తీస్తే, వచ్చే సంతకల్లా ఆ చోటు అందరికీ తెలిసిపోతుంది. తియ్యకపోతే జనం దిగి నడవాలి. ఆమె మొహం చూసి, జీవితంలో మొదటిసారి ఆ బండి మీద నాకు ప్రేమ కలిగింది.

"ఏటి సేత్తన్నారు మీ ఇద్దరూ?" అని జీపులోంచి సోములమ్మ అడిగింది. "దిగమంతారేటి మమ్మల్ని?"

"ఎవలూ దిగొద్దు," అంది వదిన.

ఆ మాటకు నా గుండె కరిగింది. ఒంటి చేత్తో, అద్దం చూడకుండా, బీడీ ఆర్పకుండా, కింది మలుపు దాకా నా ట్రెక్కరును వెనక్కి తీశాను. లోయలో కిరండూల్ రైలు ఆగి చూసింది. వదిన రివర్సు గేరేసి, ఆడవాళ్లందరితో సహా జీపును పల్లానికి వదిలి క్లచ్ లేపింది. నల్లటి పొగ కక్కి ఇంజన్ రేగింది. ఒక్కరూ దిగలేదు. ఈ కోతల్లో బస్తాలు ఆమెవే. ఆమె జీపులో పట్టనివి నా బండికెక్కిస్తుంది. అడగను, ఎక్కిస్తే మోస్తాను. బ్యాటరీ చోటు మార్చాక, పాత పెట్టె తనే చూపించింది. ఎక్కడికి మార్చిందో చెప్పదు, నేను వెతుకుతూనే ఉన్నాను.

ఇదంతా రాసి వదినకు చదివి వినిపించాను. మట్టి కలుపుతున్న చెయ్యి ఆపకుండానే విన్నది. చివరికి ఇంతే అంది:

"నువ్వు తియ్యనేదు. సోములమ్మత్త దిగొచ్చి నీ సేతిలో తాళం లాక్కుంది. నీ బండిని నేనే ఎనక్కి తీసినాను."