చిన్నమ్మ పెట్టిన పరీక్ష

కడపలో మా చిన్నమ్మ సంబంధాలు కుదిర్చేది. బజారులో అంగళ్లున్న మావాళ్ల ఇళ్లలో ఏ పెళ్లి జరిగినా ఆమె చెయ్యి ఉండేది. నంబర్లేమో సెల్లులో, పెళ్లిచూపుల తేదీలేమో ఇంట్లో కంప్యూటర్లో. కర్నూలు బస్సులో ఉండగా ఎవరో తేదీ మార్చుకున్నారు, ఇంటికొచ్చి దాన్ని కంప్యూటర్లో ఎక్కించడం ఆమె మరిచిపోయింది. ఒకే పిల్లను చూడ్డానికి రెండు కుటుంబాలు ఒకే పూట దిగాయి. ఇక సెల్లూ కంప్యూటరూ ఒకే మాట మీద ఉండాలని నన్ను పిలిపించింది.

అలా రెండింటినీ కలిపే, అందరూ వాడే ఉచిత సర్వీసు చూపించాను. "ఫోన్ చేస్తే పలికే మనిషే లేడే" అని తోసేసింది.

తన రాతలు ఎవరి చేతికి పోతాయో మాట్లాడి తేల్చుకోవాలన్న ఆమె పట్టుదలకు కారణం ఉంది. పేర్ల పక్కన "చూసి పోయినారు", "వద్దన్నారు" అని రాసుకునేది. వద్దన్న సంగతి బయటికి పొక్కితే ఆ పిల్లకు మళ్లీ సంబంధం రావడం కష్టం. ఆ పిల్లల్లో నేనూ ఉన్నాను. ఎర్రగుంట్ల వాళ్లు వచ్చి, ఉప్మా తిని, నన్ను వద్దన్నారు. ఆ సంగతి మా ఇంటి గడప దాటలేదు.

డబ్బు కట్టి వాడుకునే చిన్న కంపెనీలు రెండు వెతికాను. రెండింట్లోనూ పెసరపప్పు, సబ్బుబిళ్ల, బెల్లం అని దొంగ పేర్లు పెట్టించి, చిన్నమ్మ మొదటిదానికి ఫోన్ చేసింది.

"నా సెల్లు పోయిందప్పా. నా నంబర్లు కొంచెం చదువు."

పాపం, ఆయన ఎంతో మర్యాదగా "పెసరపప్పు గారిది..." అని మొదలుపెట్టాడు. చిన్నమ్మ ఫోన్ పెట్టేసింది.

అదే మాట అడిగితే రెండో కంపెనీ ఆయన, "అవి మాకు కనపడవమ్మా. పాస్‌వర్డు మరిచిపోతే మేమూ ఏం చెయ్యలేం" అన్నాడు.

"ఇంత చేతగానోళ్లకా డబ్బు కట్టేది?" అన్నాను, ఒళ్లు మండి.

"ఈళ్లే కావాల నాకు" అంది.

అంతా అమర్చి ఇచ్చాక, పాస్‌వర్డు కొట్టేటప్పుడు నన్ను అటు తిరగమంది. నాకు చిన్నతనమనిపించింది. "నాకు కూడా చెప్పవా?" అన్నాను. "నీకు కూడా చెప్పను" అంది.

ఉక్రోషం పట్టలేక అడిగేశాను. "ఎర్రగుంట్ల వాళ్ల పేరు పక్కన ఏం రాసుకున్నావు చిన్నమ్మా?"

చిన్నమ్మ అద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది.

"ఎర్రగుంట్ల వాళ్లా? ఎవరమ్మీ వాళ్లు?"

ఆ ముఖం చూస్తే నిజంగానే తెలియనట్టుంది. నాకు ఏడుపొచ్చింది.